షుగరు పాసైన ఎర్నమ్మ

మధుమేహ బోధకుడిగా చేరేనాటికి పెంటకోట వరహాలు చేతిలో ఉన్న సరుకు ఇదీ: పద్నాలుగేళ్లుగా వాడుకలో ఉన్న షుగరు జబ్బు ఒకటి, ఇన్నేళ్లయినా మసకబారని కళ్లు రెండు, బెల్లం వ్యాపారంలో గడిపిన ముప్పై ఆరేళ్లు, ఎదుటివాడు కొనడానికి వచ్చాడో, దిమ్మ కొన గీకి నోట్లో వేసుకుపోవడానికి వచ్చాడో గడప దాటకముందే పసిగట్టే నేర్పు.

గుమ్మడవలస బెల్లం యార్డులోని కొట్టు తమ్ముడికి అప్పగించి ఆయన ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, ఆసుపత్రి డాక్టరమ్మ ఆయన రిపోర్టులు తిరగేసి ఆశ్చర్యపోయింది.

"ఇన్నేళ్ల షుగరుతో కిడ్నీలు ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయండీ? అదీ బెల్లం కొట్లో కూర్చుని?"

"బెల్లాన్ని చెమ్మ నుంచి కాపాడేనమ్మా. నన్ను బెల్లం నుంచి కాపాడుకున్నాను. రెండూ ఒకటే పని."

ఆ జవాబుతో ఆయనకు కొలువు ఖాయమైంది. మంగళవారం, శుక్రవారం ఆసుపత్రి వరండాలో కూర్చుని షుగరున్నవాళ్లకు జాగ్రత్తలు చెప్పాలి. అంతకుముందు ఆ పని చేసిన కుర్రాడు పట్నం నుంచి తెచ్చిన బొమ్మలు చూపించి, ఓట్సు తినండి, ఆలివ్ నూనె వాడండి అని చెప్పేవాడు. జనం శ్రద్ధగా విని, ఇంటికెళ్లి పెద్ద కంచం నిండా అన్నం తినేవారు. వరహాలు ఆ బొమ్మలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఎవరి కంచం వాళ్లు తెచ్చుకోండి" అన్నాడు. తెచ్చారు. రోజూ తినేంత అన్నం అందులో పెట్టించి తక్కెడలో తూచాడు. ఒక్కొక్కరి కంచం చూసి వరండా అంతా నవ్వింది, కంచం తాలూకు మనిషితో సహా. తరువాత ఆ అన్నంలో సగం తీసి, ఆ చోట కూర, పప్పు పెట్టించాడు. అన్నం మానేయమన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఉన్న బేరం పోగొట్టుకునే మాట వర్తకుడు ఎందుకంటాడు?

ఆ వరండాకు వచ్చినవాళ్లలో ఎర్నమ్మ ఒకతె. బెల్లం యార్డు ఎదుట ముప్పై ఏళ్లుగా ఇడ్లీలు వేస్తున్న మనిషి. యాభై ఎనిమిదేళ్లు. మొదటిసారి వచ్చినప్పుడు షుగరు నాలుగు వందలు దాటింది, ఎడమ పాదం మీద మానని పుండు, బిళ్లలు పనిచెయ్యని దశ. ఇన్సులిను మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి పుండు మానింది, షుగరు నూట ముప్పై దగ్గర నిలబడింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి ఇన్సులిను సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేది. వరహాలు చెప్పింది చెప్పినట్టు నేర్చుకోవడమే కాదు, ఇడ్లీ తినవచ్చిన, యార్డులో బస్తాలు మోసే కళాసీల చేత కూడా వల్లె వేయించేది. "ఏటలా మూడోసారి నీల్లు అడుగుతున్నావు? ఎల్లి రగతం సూపించుకో. అంతదాకా నా కాడ సట్నీ తప్ప ఇడ్లీ లేదు" అనేది. ఆ విధంగా ఆమె ఆసుపత్రికి పంపిన మనుషులు పందొమ్మిది మంది. వరహాలు లెక్కపెట్టి ఉంచాడు.

వ్యవహారం అలాగే సాగి ఉంటే చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. కానీ రాజధానిలో ఒక గుమాస్తాకు భాష మీద మక్కువ ఎక్కువ. అంతవరకు కాగితాల్లో 'షుగరు వ్యాధి అవగాహన' అని నడుస్తున్న పథకానికి ఆయన 'మధుమేహ విద్య' అని పేరు మార్చాడు. అవగాహన అని ఉన్నంతకాలం ఫైలు ఆసుపత్రుల వైపే తిరిగేది. విద్య అన్న మాట పడగానే బంట్రోతు దాన్ని తీసుకెళ్లి విద్యావిభాగం బల్ల మీద పెట్టాడు. అక్కడివాళ్లు విద్య అని రాసి ఉన్న కాగితాన్ని పరీక్ష పెట్టకుండా వదిలిన చరిత్ర లేదు.

మూడు నెలల్లో అరవై ఎనిమిది పేజీల నియమావళి, హాజరుపట్టీలు, హాల్ టిక్కెట్లు, వాటి వెనకాలే జిల్లా మధుమేహ విద్యాధికారి శ్రీ మార్తాండరావు వచ్చారు. ఆయన పూర్వాశ్రమంలో పరీక్షల నియంత్రణాధికారి. నీళ్ల సీసా చేత్తో పట్టుకుని వరండా ఎక్కుతూనే, "ఇక మీదట రోగి అనే పదం నిషిద్ధం. అభ్యాసకుడు అనవలెను" అన్నారు.

"మరి జబ్బునేమనాలండీ?" అని వరహాలు అడిగాడు.

"పాఠ్యాంశం."

మరుసటి మంగళవారం నుంచి గంట కొట్టడం మొదలైంది. పేరు పిలిస్తే డెబ్భై ఏళ్ల ముసలాళ్లు లేచి ప్రెజెంటు చెప్పాలి. షుగరు మనిషికి మాటిమాటికీ పెరట్లోకి వెళ్లక తప్పదు. చిటికెనవేలు ఎత్తి అనుమతి అడగాలని రూలు. అరగంట పాఠంలో నలభై చిటికెనవేళ్లు లేచే ఉండేవి. ఒకనాడు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. గొల్లబాబు అనే ముసలాయన, "మా అయ్య పోయి నలభై ఏళ్లయ్యింది బాబూ" అన్నాడు.

"అంటే సమావేశానికి గైర్హాజరు" అని మార్తాండరావు ఎర్రసిరాతో గుర్తు పెట్టారు. "కారణం తెలియజేస్తూ సంతకం చేసిన ఉత్తరం పంపమనండి."

ఇంతవరకూ నవ్వులాటే. సర్కారు సరదాలకు వర్తకుడు అడ్డు చెప్పడు. అసలు కాగితం దసరా ముందు వచ్చింది. మార్తాండరావు దాన్ని నిలబడి చదివారు.

"'విషయము: ఉత్తీర్ణుల తొలగింపు. మధుమేహ విద్యలో వార్షిక పరీక్ష యందు ఉత్తీర్ణులైన అభ్యాసకులు విద్యను పూర్తిచేసినవారగుదురు గనుక, వారి పేర్లను నమోదు పుస్తకమునుండి తొలగించి ధ్రువపత్రమును, బదిలీ పత్రమును జారీచేయవలెను. ఉత్తీర్ణులకు ఉచిత మందులు కొనసాగించుట విద్యాప్రమాణములను కించపరచుటయే యగును.'"

వరండాలో లేచి ఉన్న చిటికెనవేళ్లన్నీ దిగిపోయాయి.

"సార్, అంటే పాసైనవాళ్లకి మందులు ఇవ్వరా?" అన్నాడు వరహాలు.

"పదో తరగతి పాసైనవాడికి మళ్లీ పదో తరగతి పుస్తకాలు ఇస్తామా?"

"పదో తరగతి పాసైతే పోద్దండి. షుగరు పాసైనా పోదు."

"అంటే మీ బోధనలో లోపమున్నదన్నమాట. పది శాతమైనా ఉత్తీర్ణత లేని కేంద్రాన్ని మూసివేయమని కూడా ఇందులోనే ఉన్నది. నాలుగో పేరా చూసుకోండి."

వరహాలు చూసుకున్నాడు. లెక్క తేలిపోయింది. పాసైతే సర్టిఫికెట్టు, ఫెయిలైతే మందు. అందరూ పాసైతే ఎవరికీ మందుండదు, అందరూ ఫెయిలైతే వరండాయే ఉండదు. ఇక సరుకును రకాలుగా ఏరి పెట్టడమే మిగిలింది. మందు కొనుక్కోగల వాళ్లను ఒక వైపు వేశాడు: రైసు మిల్లు యజమాని, ఇద్దరు కాంట్రాక్టర్లు, పింఛను వచ్చే మేష్టార్లు. వీళ్లు పాసవ్వాలి. తక్కినవాళ్లు ఫెయిలవ్వాలి. ఫెయిలవ్వాల్సిన వాళ్లకు శుక్రవారాలు విడిగా క్లాసు పెట్టాడు. అన్ని నెలలూ ఏది నేర్పాడో అది కాదని చెప్పడం నేర్పాడు. అంత సిగ్గుపడిన పని ఆయన బెల్లం వ్యాపారంలో కూడా చేయలేదు.

అందరూ నేర్చుకున్నారు. ఎర్నమ్మ నేర్చుకోలేదు.

"నీది ఇన్సులిను బేరం, ఎర్నమ్మా. ఇడ్లీల మీద వచ్చేది అందుకు సాలదు. నువ్వు తప్పాల్సిందే" అన్నాడు వరహాలు.

"పుట్టాక పరీచ్చ రాయడవే ఇది మొదటిసారి. మొదటిసారే పోగొట్టుకోమంటావేటి బాబూ?"

"పాసైతే ప్రాణం మీదకొస్తాది."

"సరే. మరి నాకు తప్పులు ఆలోసించడం రాదు. నువ్వే అందియ్యాల."

అందివ్వడానికి దారి వాళ్లిద్దరికీ తెలిసిందే. గుమ్మడవలస యార్డులో బెల్లం ధర ఎవరూ పైకి చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు ఒక తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి బేరమాడతారు. చుట్టూ వందమంది నిలబడినా బేరం మూడోవాడికి తెలియదు. ముప్పై ఏళ్లు ఆ జనం మధ్య ఇడ్లీలు పంచిన ఎర్నమ్మకు ఆ వేళ్ల భాష వర్తకులతో సమానంగా వచ్చు. చదువురానివాళ్లకు పరీక్ష నోటితో అడుగుతారు, పక్కన సహాయకుడు కూర్చోవచ్చు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. తప్పు జవాబు అంకె ఎంతో వరహాలు అన్ని వేళ్లు నొక్కుతాడు. ఇరవై ప్రశ్నల్లో పద్నాలుగు తప్పితే చాలు.

పరీక్ష రోజున మార్తాండరావే స్వయంగా ప్రశ్నలు అడిగారు. వరండా చుట్టూ వంతు కోసం కాచుక్కూర్చున్న జనం. వరహాలు తువ్వాలు సర్దుకున్నాడు.

"ఒకటో ప్రశ్న. ఇంజెక్షను చేసుకొనిన పిమ్మట భోజనము ఆలస్యమై, ఒళ్లంతా చెమటలు పట్టి వణుకు వచ్చినచో అభ్యాసకుడు ఏమి చేయవలెను? ఒకటి, మరియొక ఇంజెక్షను చేసుకొనవలెను. రెండు, దుప్పటి కప్పుకొని నిద్రపోవలెను. మూడు, తక్షణము తీపి పదార్థము తినవలెను. నాలుగు, దైవప్రార్థన చేయవలెను."

తువ్వాలు కింద వరహాలు రెండు వేళ్లు నొక్కాడు. ఎర్నమ్మ పెదవులు కదిలాయి. కానీ ఆమె చూపు వరండా అంతా తిరిగింది. గొల్లబాబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. కొత్తగా ఇన్సులిను మొదలెట్టిన పడుచుపిల్ల ఒకతె గోడకానుకుని చూస్తోంది.

ఎర్నమ్మ తువ్వాలు కిందనుంచి చెయ్యి లాగేసుకుంది.

"మూడు" అంది. "తీపంటే లడ్డూలు తిని కూకోమని కాదు బాబూ. మూడు సెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాల. పావుగంట ఆగి మల్లీ సూసుకోవాల. దుప్పటి కప్పుకుని తొంగున్నోడు ఇంక లేవడు."

మార్తాండరావు ముచ్చటపడిపోయారు. ఇరవై ప్రశ్నలూ అయ్యేసరికి నూటికి నూరు. జిల్లా మొత్తం మీద అంతవరకూ ఎవరికీ రాలేదు.

బయటికి వచ్చాక వరహాలు కోపం పట్టలేకపోయాడు. "ఏటి సేసేవే? ఏళ్లు ఇరిగిపోయేలా నొక్కేను కదా!"

"వరండా అంతా ఇంటన్నారు బాబూ. నాను తప్పు సెప్తే నిజవనుకుని అదే సేసుకుంటారు. ఆ గుంట సూడు, నిన్ననే సూది మొదలెట్టింది. రేపు దానికి సెమట్లు పడితే దుప్పటి కప్పుకుంటాది." ఆమె గొంతు తగ్గించింది. "నా కుండలో ఇంక అయిదు రోజుల మందుంది. నువ్వు లెక్కలోడివి. ఏదో సూడు."

మూడో రోజు సన్మానం జరిగింది. దుశ్శాలువా, ధ్రువపత్రం, కిలో మైసూరుపాకు. బదిలీ పత్రంలో 'నడవడిక: సంతృప్తికరము. విడిచిపెట్టుటకు కారణము: చదువు పూర్తియైనది' అని రాసి ముద్ర వేశారు. ఆ పత్రం పట్టుకుని ఎర్నమ్మ మందుల గది దగ్గరికెళితే, నర్సు రత్నకుమారి కిటికీలోంచి తల అడ్డంగా ఊపింది.

"నీ పేరు కొట్టేశారమ్మా. సీసా నా చేతిలోనే ఉంది. ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

వరహాలు మార్తాండరావును పట్టుకున్నాడు. "సార్, ఆవిణ్ణి మళ్లీ చేర్చుకోండి."

"ఉత్తీర్ణులకు పునఃప్రవేశం లేదు."

"పోనీ, ఫెయిల్ చెయ్యండి."

"జిల్లా ప్రథమురాలినా? ఫలితాలు రాజధానికి వెళ్లిపోయినవి. అక్కడినుండి నా పేరుతో సహా ప్రశంస వచ్చినది."

"అయితే ఏదైనా పై తరగతి ఉందాండీ?"

మార్తాండరావు నియమావళి తిరగేసి, సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగి, సానుభూతితో అన్నారు: "ఉన్నది. మూత్రపిండ విభాగం. కాని దానికి కనీస అర్హత మూత్రపిండములు చెడిపోవుట. ఇప్పటికి ఆమెకు ఆ అర్హత లేదు. శ్రమిస్తే ఏడాదిలో రావచ్చును."

వరహాలు నియమావళి అడిగి పుచ్చుకుని యార్డులో తమ్ముడి కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. బెల్లం కొనేటప్పుడు ఆయన దిమ్మ పైభాగం ఎప్పుడూ చూడలేదు. పైన మెరుగు అందరూ పెడతారు. తిరగేసి అడుగు చూసేవాడు. పుస్తకాన్నీ అలాగే తిరగేసి చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. అనుబంధం తొమ్మిది దగ్గర ఆయన వేలు ఆగింది.

'బోధనోపకరణములు: బోధకుడు తన విచక్షణ మేరకు నమూనాలను సమకూర్చుకొనవచ్చును. సదరు నమూనాల నిర్వహణకు అవసరమగు ద్రవములు, సూదులు, బిళ్లలు మొదలగునవి ఇండెంటుపై తక్షణము సరఫరా చేయబడును. నమూనాలు చెడిపోకుండ కాపాడుట బోధకుని బాధ్యత.'

రాసినవాళ్లు ప్లాస్టిక్కు బొమ్మలను ఉద్దేశించి రాశారు. అయితే ప్లాస్టిక్కు అన్న మాట మటుకు ఎక్కడా లేదు.

వరహాలు ఆ మధ్యాహ్నమే ఇండెంటు రాశాడు. 'బోధనోపకరణము ఒకటి. రకము: ఇన్సులిను స్వీకరించు నిలువెత్తు నమూనా. నిర్వహణ ద్రవము: ఇన్సులిను, దినమునకు ముప్పది యూనిట్లు. అందు లోపము జరిగినచో నమూనా చెడిపోవును.' తరువాత ఎర్నమ్మ దగ్గరికెళ్లి సంగతి చెప్పాడు. ఆమె ఇడ్లీ పాత్ర మూత పెట్టి ఆయన వైపు తిరిగింది.

"అయితే నానిప్పుడేటి బాబూ? సుద్దముక్కనా?"

"సుద్దముక్క కంటే మేలు. సుద్దముక్క అరిగిపోతే అవతల పారేస్తారు. నిన్ను అరగనివ్వకూడదని రూలుంది."

"జిల్లా ఫస్టొచ్చినదాన్ని!"

"అందుకే ఖరీదైన నమూనావని రాసేను."

రోగికి మందు కావాలంటే కాగితం ఏడు బల్లలు దాటాలి. బోధనోపకరణాల డబ్బు మార్చిలోగా ఖర్చు కాకపోతే మురిగిపోతుంది కాబట్టి ఆ కాగితం ఒక్క బల్ల దగ్గరే పాసైపోయింది. అయిదో రోజు సాయంత్రం ఎర్నమ్మ కుండలో సీసా అడుగంటిన వేళకు రత్నకుమారి కొత్త సీసా పట్టుకుని కిటికీలోంచి కాక, వాకిట్లోంచే పరుగెత్తుకొచ్చింది. రిజిస్టరులో 'నమూనా సంఖ్య ఒకటి' అని రాసుకుంది.

కిటుకు తెలిశాక వరండాకు పరీక్ష భయం వదిలింది. గొల్లబాబు ఫెయిలవ్వడం మానేశాడు. సప్లిమెంటరీ పరీక్షల్లో అందరూ పాసయ్యారు, పాసైనవాళ్లు పాసైనట్టే ఉపకరణాలయ్యారు. ఎర్నమ్మ రోజూ రెండుపూటలా వరండాలో నలుగురికీ చూపిస్తూ సూది వేసుకునేది. నమూనా కాబట్టి ప్రదర్శన జరగాలి మరి. చూసినవాళ్లు నేర్చుకున్నారు. నమోదు పుస్తకంలో ఒక్క పేరూ మిగలనందున గుమ్మడవలస మధుమేహ రహిత మండలమైనట్టు మార్తాండరావు ప్రకటించారు, ఊరి మొదట్లో బోర్డు వెలిసింది.

మార్చి నెలాఖరున ఉపకరణాల భౌతిక తనిఖీకి మార్తాండరావు వచ్చారు. రూలు ప్రకారం ప్రతి వస్తువును తాకి చూసి అంకె వేయాలి. వరండాలో, ఆవరణలో, గేటు బయట మూడు వందల పన్నెండు ఉపకరణాలు వరసగా నిలబడ్డాయి. కొన్ని బీడీలు కాలుస్తున్నాయి.

మార్తాండరావు వరస పొడవునా చూసి, "ఇవి... కదులుచున్నవి" అన్నారు.

"చలనశీల నమూనాలండీ" అన్నాడు వరహాలు. "అనుబంధం తొమ్మిదిలో కదలకూడదని లేదు."

మార్తాండరావు అనుబంధం చదివారు. నిజంగానే లేదు. రాజధాని అనుమతించిన ఇండెంట్లు, ప్రశంసాపత్రం, ఊరి మొదట్లో బోర్డు, అన్నీ ఒకసారి ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటాయి. నిట్టూర్చి, చేతి మీద తాకి అంకె వేయడం మొదలుపెట్టారు. నలభై అంకెలకు ఒకసారి ఆగి నీళ్లు తాగారు. మూడుసార్లు పెరట్లోకి వెళ్లొచ్చారు. నాలుగోసారి వెళ్లబోతుంటే నమూనా సంఖ్య ఒకటి ఆయన చెయ్యి పట్టుకుంది.

"బాబూ, పొద్దుట్నుంచి సూస్తన్నాను. ఏలు ఇలాగియ్యండి."

"నాకేమీ లేదు. ఎండ—"

"ఎండకి నీల్లు తాగినోడికి సెమట పడతాది, పెరట్లోకి పరుగు పెట్టడు. ఇయ్యండి, సీమ కుట్టినట్టుంటాది, అంతే."

షుగరు చూసే మిషను మీద మూడు వందల అరవై కనపడింది. మార్తాండరావు ఎర్రసిరా పెన్ను కింద పడింది. కుర్చీలో కూలబడి, పరీక్ష పేపర్లు దిద్దిన ముప్పై ఏళ్లలో తనకు ఎన్నడూ రాని గొంతుతో, "నన్ను చేర్చుకోండి వరహాలు గారూ" అన్నారు.

"ఎలా చేర్చుకోనండీ? ఇది మధుమేహ రహిత మండలం. మీరే ప్రకటించారు. ఒక్క అభ్యాసకుడు చేరినా బోర్డు పీకెయ్యాలి."

"మరి నేను?"

ఎర్నమ్మ ఆయనకు గ్లాసుతో మజ్జిగ అందించింది. "మరేటి బెంగ లేదు బాబూ. నా పక్కన నిలబడండి. రేపు మీ కంచం తెచ్చుకోండి."

ఆ సాయంత్రం వరహాలు ఏడాది లెక్క మూసి కాగితాలు పైకి పంపాడు. రోగులు: సున్నా. ఉత్తీర్ణత: నూటికి నూరు. బోధనోపకరణములు: మూడు వందల పదమూడు, అందులో గెజిటెడ్ హోదా గలది ఒకటి. చెడిపోయినవి: లేవు. చివరి గడిలో 'పోయినవి' అని అడిగారు. వరహాలు ఒకసారి ఆవరణలోకి తొంగిచూసి, అందరినీ మళ్లీ లెక్కపెట్టుకుని, లేవు అని రాసి సంతకం చేశాడు.